ఆగడం తెలిసినవారే యాభై కిలోమీటర్లు పరుగెత్తాలి

గత పది పదిహేనేళ్ళలో మన తెలుగు ప్రాంతాలలో పరుగు ముందు ఒక అలవాటుగా, ఆ తరువాత ఒక ఉత్సాహంగా మారింది. హైదరాబాదులో ఏటా ఆగస్టులో జరిగే మారథాన్‌కు వేలమంది వస్తున్నారు. పది కిలోమీటర్లతో మొదలుపెట్టినవారు హాఫ్ మారథాన్‌కు, అక్కడి నుండి పూర్తి మారథాన్‌కు చేరుకుని, ఇప్పుడు అంతకు మించిన దూరాల వైపు చూస్తున్నారు. గుట్టల మీద, అడవి బాటల్లో 50, 80, 100 కిలోమీటర్లు సాగే ట్రైల్ అల్ట్రా మారథాన్ల పేరు మా జహీరాబాదు వంటి చిన్న పట్టణంలోనూ వినిపిస్తోంది. "డాక్టరు గారూ, నాకు నలభై రెండేళ్ళు. యాభై కిలోమీటర్లు పరుగెత్తవచ్చా?" అని అడిగేవారు పెరిగారు.

నా సమాధానం ముందే చెబుతాను. పరుగెత్తవచ్చు. అయితే మూడు షరతులున్నాయి. మొదటిది, ఆ దూరానికి సంవత్సరాల తరబడి సిద్ధపడాలి. రెండవది, నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తకూడదు. మూడవది, మధ్యలో ఆగిపోవడానికి మనసు ముందుగానే ఒప్పుకుని ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా పోటీకి పేరు ఇవ్వవద్దన్నది నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

అల్ట్రా అంటే ఏమిటి?

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంతకంటే ఎక్కువ దూరమున్న పరుగు ఏదైనా అల్ట్రా మారథానే. సాధారణంగా ఇవి 50 కిలోమీటర్లు, 50 మైళ్ళు, 100 కిలోమీటర్లు, 100 మైళ్ళు అనే కొలతల్లో ఉంటాయి. తారు రోడ్డు మీద కాక మట్టిబాటల మీద, కొండల మీద జరిగితే దానిని ట్రైల్ అల్ట్రా అంటారు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆట కాదు. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ మారథాన్ 1921లో, మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికుల స్మృతిగా మొదలైంది. దాని దూరం సుమారు 90 కిలోమీటర్లు. అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో 100 మైళ్ళ గుర్రపు స్వారీ పోటీ ఒకటి ఉండేది. 1974లో గోర్డీ ఐన్‌స్లీ అనే యువకుడు గుర్రం లేకుండా తన కాళ్ళతోనే ఆ దారిని 24 గంటలలోపు పూర్తి చేశాడు. నేటి వెస్టర్న్ స్టేట్స్ పరుగుకు అదే మూలం. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండు దేశాల మీదుగా మోంట్ బ్లాంక్ పర్వతాన్ని చుట్టివచ్చే యూటీఎంబీ 2003లో ఆరంభమైంది. సుమారు 170 కిలోమీటర్ల ఆ దారిలో మొత్తం పదివేల మీటర్ల వరకు ఎక్కుడు ఉంటుంది. మన దేశంలో లదాఖ్ ఎత్తులలో లా అల్ట్రా, చిక్కమగళూరు కాఫీ తోటలలో మల్నాడ్ అల్ట్రా పేరు పొందాయి.

ఈ పేర్లు కొత్తవైనా, కాలినడకన దూరం సాగడం మనకు కొత్త కాదు. ఉగాదికి, శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే పాదయాత్రికులను చూడండి. కర్ణాటక నుండి, రాయలసీమ నుండి బయలుదేరినవారు రోజుల తరబడి నడిచి, చివరకు ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుండి నల్లమలలోకి ప్రవేశిస్తారు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాస ద్వారం ఎక్కి మల్లన్న సన్నిధికి చేరుతారు. వారిలో అరవై ఏళ్ళు దాటినవారూ ఉంటారు. గొర్రెల మందలతో మేత వెతుక్కుంటూ జిల్లాలు దాటే మన కాపరుల నడకను ఎవరూ పోటీగా లెక్కించలేదు కానీ, దూరంలో అది దేనికీ తీసిపోదు.

వీరిలో గమనించవలసినవి మూడున్నాయి. వారు నడుస్తారు. గుంపుగా వెళతారు. అలసినచోట ఆగుతారు. వారి చేతికి గడియారం లేదు, మెడలో పతకం పడాలన్న ఆశ లేదు. ఆధునిక పోటీ ఈ మూడింటికీ గడియారాన్ని జతచేసింది. ప్రమాదం చాలావరకు అక్కడి నుండే మొదలవుతుంది.

ఆరోగ్యం కోసమైతే ఇంత దూరం అక్కరలేదు

వైద్యుడిగా ఈ మాట నిజాయితీగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన వ్యాయామం వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ. రోజుకు అరగంట వేగంగా నడిస్తే అది సమకూరుతుంది. రక్తపోటు, చక్కెర, బరువు అదుపులో ఉండడానికి అది చాలు. యాభై కిలోమీటర్లు పరుగెత్తితే ఆయుష్షు మరింత పెరుగుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మవద్దు.

అలాగని ఆ కోరికను వెటకారం చేయడం కూడా సరికాదు. మనిషి తన శరీరం ఎంతవరకు రాగలదో తెలుసుకోవాలని కోరుకోవడం సహజం. గంటల తరబడి చెట్ల మధ్య, చేల మధ్య సాగడంలో ఒక ప్రశాంతత ఉంది. ఇక "పరుగెత్తితే మోకాళ్ళు అరిగిపోతాయి" అని మన పెద్దలు భయపెడుతుంటారు. పలు అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల పరుగెత్తని వారిలో సుమారు 10 శాతం మందికి, సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం మందికి, పోటీ స్థాయి పరుగువీరులలో 13 శాతం మందికి కనిపించింది. మితమైన పరుగు కీళ్ళకు చెరుపు చేయదనీ, మితిమీరితే ఆ భరోసా ఉండదనీ దీని సారాంశం.

కనుక అల్ట్రాను మందులా చూడవద్దు. అది ఒక సాహసం. సాహసానికి తగిన జాగ్రత్త తీసుకున్నప్పుడే దానికి గౌరవం.

జహీరాబాదు నేల ఏమి ఇస్తుంది?

సాధనకు మన ప్రాంతం ఎంతో అనువైనది. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న ఎర్రమట్టి పీఠభూమి ఇది. చెరకు తోటల నడుమ, అల్లం మళ్ళ పక్కన సాగే బండ్ల బాటలు, చిన్న చిన్న గుట్టలు, సరిహద్దు దాటితే చించోళి అడవి ఉన్నాయి. ఎగుడుదిగుడు నేల మీద నడక చీలమండల చుట్టూ ఉన్న కండరాలకు, శరీర సమతూకానికి చక్కటి శిక్షణ. శీతకాలంలో మన కోహీర్ పేరు రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన చోట్లలో ఒకటిగా వార్తల్లోకి వస్తుంటుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉదయపు వేళలు దూరపు సాధనకు యోగ్యమైనవి.

అదే నేల కొన్ని హెచ్చరికలూ చేస్తుంది. 65వ నంబరు జాతీయ రహదారి అంచున చీకటిలో పరుగెత్తకండి. చెరకు లారీలు, ట్రాక్టర్లు వచ్చే దారిలో మీరు డ్రైవరుకు కనిపించరు. మట్టిబాటల్లో తలకు కట్టుకునే లైటు లేకుండా తెల్లవారుజామున అడుగు పెట్టవద్దు. పాములు, గోడలు లేని పాత బావులు రెండూ మన చేలల్లో ఉన్నాయి. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంత్రం వేయించడం మాని, కరిచిన అవయవం కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి నేరుగా చేరాలి. ఒంటరిగా వెళ్ళేవారు ఏ దారిన వెళుతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగివచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్ళాలి. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేనిదే వెళ్ళకూడదు.

నొప్పి మాత్ర: నా అసలు ఆందోళన

దూరపు పరుగులో కండరాలు దెబ్బతినడం సహజం. ముఖ్యంగా దిగుడులో తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది. అందువల్ల సూక్ష్మమైన చిట్లుళ్ళు ఏర్పడతాయి. చిట్లిన కణాల నుండి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి వచ్చి మూత్రపిండాల గుండా బయటకు పోవాలి. అదే సమయంలో చెమటతో నీరు తగ్గి, రక్తం కాళ్ళకూ చర్మానికీ మళ్ళి, మూత్రపిండాలకు అందే రక్తం తగ్గిపోతుంది. అంటే పని పెరిగిన వేళకే సరఫరా తగ్గుతుంది.

ఈ ఇబ్బందిని తట్టుకోవడానికి శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలతో మూత్రపిండాలలోకి వెళ్ళే రక్తనాళాలను తెరిచి ఉంచుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సరిగ్గా ఆ రసాయనాల తయారీనే అడ్డుకుంటాయి. నొప్పి తగ్గుతుంది, దానితోపాటు మూత్రపిండాలకు ఉన్న రక్షణ కూడా పోతుంది.

ఇది ఊహ కాదు. ఎడారులలో రోజుల తరబడి 250 కిలోమీటర్లు సాగే పోటీలలో పాల్గొన్న 89 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. 50 మైళ్ళు పరుగెత్తే రోజున కొందరికి నాలుగు గంటలకొకసారి 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్, మిగిలినవారికి అదేవిధంగా కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 34 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్న సూచనలు కనిపించగా, ఐబుప్రోఫెన్ వేసుకున్నవారిలో అది 52 శాతం. ఈ లెక్కన మాత్ర వేసుకున్న ప్రతి ఐదారుగురిలో ఒకరికి అదనంగా ముప్పు ఏర్పడినట్టు. ఆరోగ్యవంతులైన యువకులలో ఈ మార్పు చాలావరకు కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. అప్పటికే చక్కెర జబ్బు, రక్తపోటు ఉండి, ఆ సంగతి తెలియక తిరిగేవారిలో సర్దుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

మన దగ్గర ఈ మాత్రలు చాక్లెట్లంత సులభంగా దొరుకుతాయి. ఎండలో కూలిపని చేసి, సాయంత్రానికి ఒళ్ళునొప్పులకు రెండు గోలీలు కొనుక్కుని, నీళ్ళు సరిగా తాగక మూత్రపిండాలు పాడుచేసుకున్న రైతుకూలీలను నా వృత్తికాలమంతా చూశాను. వారికి వేరే దారి లేక అలా చేశారు. సరదాకు పరుగెత్తే మనకు ఆ అవసరం ఏముంది? పోటీకి ముందురోజు సాయంత్రం నుండి, ముగిసి శుభ్రంగా మూత్రం వచ్చేవరకు ఈ మాత్రలను ముట్టవద్దు. పారాసెటమాల్‌కు మూత్రపిండాలపై ఇదే రకమైన ప్రభావం లేకపోయినా, నొప్పిని దాచిపెట్టి పరుగు కొనసాగించడానికి దానినీ వాడకూడదు. ఎముకలో సన్నని పగులు ఏర్పడుతున్నప్పుడు మనకు తెలియజేసేది ఆ నొప్పి ఒక్కటే.

పరుగు తరువాత మూత్రం కోలా రంగులో, లేదా చిక్కని టీ డికాక్షన్ రంగులో వచ్చినా, ఏడెనిమిది గంటలు అసలు రాకపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లవారేదాకా చూడవద్దు.

నీరు: తక్కువైనా, ఎక్కువైనా ముప్పే

"బాగా నీళ్ళు తాగండి" అన్నది అందరూ చెప్పే సలహా. దూరపు పరుగులో ఇది అర్ధసత్యం. దాహం లేకున్నా గంటల తరబడి ఉత్త నీళ్ళు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. మెదడు ఉబ్బుతుంది. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. ముగ్గురిలో అది ప్రాణాపాయ స్థాయికి పడిపోయింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. నాలుగైదు గంటల పరుగులోనే ఇలా ఉంటే, పది పన్నెండు గంటల పరుగులో ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

దాహం వేసినప్పుడు తాగండి. దాహం తీరాక ఆపండి. సాధన రోజున పరుగుకు ముందూ వెనుకా బరువు చూసుకుంటే మీ చెమట లెక్క మీకే తెలుస్తుంది. కొద్దిగా బరువు తగ్గడం సహజమే, పెరగడం మాత్రం ప్రమాద సూచన. ఓఆర్ఎస్ పొట్లం పూర్తిగా ఒక లీటరు నీటిలో కలపాలి. సగం పొట్లం, గ్లాసు నీళ్ళు అనే లెక్కలు వద్దు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మనకు తరాలుగా తెలిసిన పానీయమే. అయితే ఉప్పు కలిపిన పానీయమైనా అతిగా తాగితే సోడియం పలచబడక తప్పదని గుర్తుంచుకోండి.

వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, వాంతులు, తలనొప్పి, తికమక మాటలు కనిపిస్తే అలాంటి వ్యక్తికి నీళ్ళు తాగించవద్దు. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మన ఊళ్ళలో ఎవరు పడిపోయినా "గ్లూకోజు ఎక్కించండి" అంటారు. సోడియం పడిపోయిన మనిషికి ఉత్త గ్లూకోజు సీసా ఎక్కిస్తే నీళ్ళు పోసినట్టే అవుతుంది, పరిస్థితి విషమిస్తుంది. అతనికి కావలసింది సోడియం పరీక్ష, ఆపై వైద్యుని పర్యవేక్షణలో చిక్కని ఉప్పు ద్రావణం.

ఎండ, చలి

వేడికి శరీరం అలవాటు పడడానికి పది నుండి పద్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ గదిలో వారమంతా గడిపి, ఆదివారం పది గంటల ఎండలో గుట్ట ఎక్కేవారికి ఆ అలవాటు ఉండదు. పరుగెత్తే మనిషి తూలుతూ, పొంతనలేని మాటలు మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని కొట్టిపారేయవద్దు, శ్రమతో వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. ముందు చల్లబరచాలి, ఆ తరువాతే తరలించాలి. చల్లటి నీటి తొట్టిలో మెడవరకు ఉంచడం ఉత్తమం. పొలంలో ఉంటే బోరు మోటారు ధార కింద కూర్చోబెట్టినా, తడి గుడ్డలు మారుస్తూ విసిరినా ప్రాణం నిలబడవచ్చు. తల మునగకుండా ఒకరు పట్టుకుని ఉండాలి. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు.

చలిని కూడా తక్కువ అంచనా వేయవద్దు. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిన 100 కిలోమీటర్ల కొండ పరుగులో వడగండ్ల వాన, ఈదురుగాలి ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. బయలుదేరిన 172 మందిలో 21 మంది మరణించారు. వారిలో ఆ దేశపు మేటి పరుగువీరులూ ఉన్నారు. చాలామంది ఒంటిపై పలుచని నిక్కరు, బనియను తప్ప వేరే లేవు. ఒక గొర్రెల కాపరి ఆరుగురిని తన గుహలోకి చేర్చి, నిప్పు రాజేసి కాపాడాడు. శిక్షణలో వారికి లోపం లేదు. లోపించినవి ఒక చలికోటు, ముందుగా ఆపే నిర్ణయం.

తిండి విషయంలో ఒక చిన్న భేదాభిప్రాయం

జహీరాబాదు అంటే చిరుధాన్యాలు గుర్తుకు వస్తాయి. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా పాత పంటల విత్తనాలను కాపాడుతున్నాయి. 2019లో ఈ కృషికి ఈక్వేటర్ బహుమతి లభించింది. జొన్నరొట్టె, కొర్ర అన్నం, పప్పులతో కూడిన ఆ భోజనం సాధన చేసేవారికి రోజువారీ ఆహారంగా శ్రేష్ఠమైనది.

అయితే పోటీ రోజున మాత్రం నా సలహా వేరు. పరుగులో పేగులకు రక్తం తగ్గుతుంది. పీచు ఎక్కువున్న ఆహారం అప్పుడు కడుపు నొప్పిని, విరేచనాలను తెస్తుంది. ముందురోజు రాత్రి నుండి తేలికగా అరిగే అన్నం, పోటీలో అరటిపండు, బెల్లం ముక్క, ఖర్జూరం, ఉప్పు వేసిన మెత్తటి అన్నం ముద్ద వంటివి మేలు. గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం అవసరమవుతుంది. ఒక మధ్యస్థమైన అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. పేగు కూడా సాధనతోనే అలవాటు పడుతుంది కాబట్టి దూరపు సాధన రోజుల్లోనే ఇవన్నీ తిని చూడాలి. కొత్త తిండి, కొత్త బూట్లు, కొత్త సాక్సు ఏవీ పోటీ రోజున మొదలుపెట్టకూడదు.

ఎన్నేళ్ళు సిద్ధపడాలి?

ఊపిరితిత్తులు, గుండె కొన్ని నెలల్లోనే మెరుగుపడతాయి. కండరాలకు మరికాస్త సమయం కావాలి. ఎముకలు, నరాల్లా గట్టిగా ఉండి కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు అన్నిటికంటే నిదానంగా బలపడతాయి. "ఊపిరి ఆడుతోంది కదా" అని దూరం పెంచేవారికి కాలి ఎముక పగుళ్ళు రావడానికి కారణం ఇదే.

కాబట్టి ఏమీ పరుగెత్తని మనిషికి నేను చెప్పే క్రమం ఇది. మొదటి సంవత్సరం నడక, మెల్లని పరుగు, పది కిలోమీటర్లు. రెండవ సంవత్సరం హాఫ్ మారథాన్. మూడవ సంవత్సరం మారథాన్. ఆ తరువాతే 50 కిలోమీటర్ల ఆలోచన. వారానికి నాలుగు రోజులు చాలు. అందులో ఒకటి దూరపు సాధన. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కువ భాగం సాగాలి. రెండు రోజులు తొడలకు, పిక్కలకు, నడుముకు బలం చేకూర్చే వ్యాయామాలు చేయాలి. చిన్నప్పుడు బడిలో శిక్షగా తీయించిన గుంజీళ్ళు ఇప్పుడు శిక్షణగా పనికివస్తాయి. ప్రతి మూడు వారాలు పెంచాక నాలుగవ వారం తగ్గించాలి. గుట్ట ఎక్కేటప్పుడు నడవడం నామోషీ కాదు, ప్రపంచస్థాయి వారు కూడా నిటారు ఎక్కుళ్ళను నడిచే ఎక్కుతారు. దిగడం విడిగా సాధన చేయాలి. నిద్ర ఏడు గంటలకు తగ్గితే ఆ వారం దూరం పెంచవద్దు.

ఎవరు ముందుగా వైద్యుణ్ణి కలవాలి?

నలభై దాటినవారు, పొగతాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారు, శ్రమలో ఛాతీ బరువు లేదా కళ్ళు తిరగడం ఉన్నవారు తప్పనిసరిగా పరీక్షలు చేయించుకోవాలి. రక్తపోటు, చక్కెర, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, ఈసీజీ కనీస పరీక్షలు. అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో చేయిస్తారు. పరీక్ష బాగుందంటే జీవితకాలపు హామీ అని అర్థం కాదు, కొత్త లక్షణం కనిపిస్తే మళ్ళీ చూపించుకోవాలి.

చక్కెర జబ్బుకు ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి మధ్యదారిలో చక్కెర పడిపోవచ్చు. రక్తపోటుకు వాడే కొన్ని మందులు, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్రలు నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలపై భారం పెంచుతాయి. మందులను మీ అంతట మీరు ఆపవద్దు, వైద్యునితో మాట్లాడి సర్దుబాటు చేసుకోండి. వైరల్ జ్వరం, డెంగీ వచ్చి తగ్గిన వెంటనే కఠిన సాధన చేస్తే గుండె కండరం వాపు రూపంలో ప్రమాదం రావచ్చు. స్త్రీలలో సాధన పెరిగాక నెలసరి ఆగిపోతే అది ఘనత కాదు, శరీరానికి తిండి చాలడం లేదన్న సూచన.

పిల్లలను ఈ దూరాలకు దింపవద్దు. 2006 మే నెలలో మన పొరుగు ఒడిశాలో నాలుగేళ్ళ బుధియా సింగ్ పూరీ నుండి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు పరుగెత్తి చివరకు కుప్పకూలాడు. దేశమంతా ముందు చప్పట్లు కొట్టి, తరువాత ప్రశ్నించింది. ఆ ప్రశ్న ముందే రావలసింది.

ఆగడానికి సిగ్గు ఎందుకు?

మన సమాజంలో మొదలుపెట్టిన పని మధ్యలో వదలడం తలవంపుగా భావిస్తారు. కట్టిన రుసుము, వాట్సాప్ గ్రూపులో చేసిన ప్రకటన, నలుగురు ఏమనుకుంటారో అన్న భయం కలిసి మనిషిని చివరి పది కిలోమీటర్లు ఈడ్చుకుపోయేలా చేస్తాయి. ప్రమాదాలు ఎక్కువగా కాచుకుని ఉండేది అక్కడే. అందుకే ఆగే నిర్ణయాన్ని అలసిన బుర్రకు వదలవద్దు. ఇంట్లో కూర్చుని ముందే కాగితం మీద రాసుకోండి. ఛాతీలో నొప్పి, తికమక, ఆగని వాంతులు, రంగు మారిన మూత్రం, కుంటుతూ తప్ప నడవలేని నొప్పి, ఆగని వణుకు కనిపిస్తే ఆగుతానని. ఆ కాగితాన్ని మీతో వచ్చే మిత్రునికి ఇచ్చి, "నేను వద్దన్నా నన్ను ఆపు" అని చెప్పండి.

పోటీ నిర్వాహకులనూ నాలుగు ప్రశ్నలు అడగండి. పరుగువీరుణ్ణి ఆపే అధికారం వైద్యునికి ఉందా? ఎన్ని కిలోమీటర్లకొక సహాయ కేంద్రం ఉంది? వాతావరణం మారితే పోటీని నిలిపే పద్ధతి ఏమిటి? వాహనం వెళ్ళని బాటలో పడిపోయిన మనిషిని ఎలా మోసుకొస్తారు? వీటికి స్పష్టమైన సమాధానం రాకపోతే, ఎంత అందమైన అడవిలో జరుగుతున్నా ఆ పోటీకి వెళ్ళవద్దు. బనియను, పతకం ఎక్కడైనా దొరుకుతాయి.

ఈ శీతకాలంలో మొదలుపెట్టదలచినవారికి నా కోరిక ఒక్కటే. ముందుగా మీ పరుగు సంచీ విప్పి చూడండి. అందులో నొప్పి మాత్రల పట్టీ ఉంటే తీసివేసి, ఆ చోటులో ఒక ఓఆర్ఎస్ పొట్లం, ఒక పలుచని గాలికోటు, ఇంటివారి ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. తరువాత ఇంట్లో చెప్పి, తెల్లవారాక, ఊరి బయటి మట్టిబాట మీద గంటసేపు మెల్లగా సాగి రండి. సందేహాలుంటే రాయండి, తెలిసినంతవరకు తప్పక సమాధానమిస్తాను.